మంచం మీది మనిషికి భత్తా ఉంది, మంచం పక్కన మనిషికి?

ప్రశ్న: అప్పా, నమస్తే. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకులో ఒక పల్లె. మా మావయ్యకి 74 ఏళ్లు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది, నాకొక్కదానికే అర్థమవుతుంది. ఒంటికి, రెంటికి అన్నీ మంచం మీదే. ఈ మధ్య నడుం కింద చర్మం ఎర్రబడింది. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తారు, మూడు నెలలకోసారి వస్తారు. మరిది విశాఖలో ఉంటాడు. నేను ఇంట్లో మిషను కుట్టేదాన్ని, రెండేళ్లయి మానేశాను. మావయ్యకి నెలకి 1,000 ముసలి భత్తా, అంటే వృద్ధుల పెన్షన్, వస్తుంది. అది డైపర్లకే చాలదు. సాయానికి మనిషిని పెట్టుకుందామంటే రోజుకి 400 అడుగుతున్నారు. మా వదిన, అంటే మా ఆయన అక్క, కొత్తూరులో ఉంటుంది. "ఆంధ్రాలో మంచాన పడ్డవాళ్లకి 15,000 ఇస్తున్నారు, నాన్న ఆధార్ మా ఇంటి అడ్రస్‌కి మార్చేద్దాం" అంటోంది. మార్చమంటారా? ఇంట్లో చూసుకునే మనిషికి గవర్నమెంటు ఏమీ ఇవ్వదా? ఇంకో మాట అడగడానికి సిగ్గుగా ఉంది. పోయిన నెల ఆ వెయ్యిలో 150 తీసి విరిగిపోయిన నా కళ్లజోడు బాగు చేయించుకున్నాను. అప్పట్నుంచి దొంగతనం చేసినట్టే ఉంది. తప్పా?

(ఒక కోడలు, గజపతి జిల్లా)

చెల్లెమ్మా,

నడుం కింద చర్మం ఎర్రబడిందని ఒక్క ముక్క రాసి ముందుకి వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. పెన్షన్ సంగతి ఒక వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

ఆ ఎర్రటి చోట వేలితో మెల్లగా నొక్కి తీసి చూడు. నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పడక పుండు మొదలైనట్టే. రెండు గంటలకోసారి మావయ్యని పక్కకి తిప్పాలి: ఒకసారి ఎడమ పక్కకి, ఒకసారి కుడి పక్కకి. కుడి పక్కకి తిప్పినప్పుడు పడిపోయిన భుజం ఒంటి కింద నలగకుండా కాస్త ముందుకి లాగి పెట్టు. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి పెట్టు. ఎర్రబడిన చోట నూనె పెట్టి మర్దనా చెయ్యొద్దు, పెద్దవాళ్లు చెప్పినా సరే. లోపల నలిగిన చర్మం మర్దనాకి ఇంకా నలుగుతుంది. నడుం కింద పెట్టే గుండ్రటి రబ్బరు ట్యూబు కూడా వద్దు. తడి లేకుండా చూడు. చర్మం చిట్లితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇవి రేపు పొద్దున్నే మీ ఊరి ఆశా దిదికి చెప్పు. చెప్పి ఊరుకోకుండా "సబ్‌సెంటర్ నుంచి మనిషి ఇంటికొచ్చి చూడాలి" అని అడుగు. ఇది బతిమాలి అడిగే సాయం కాదు. ముసలివాళ్ల ఆరోగ్యం కోసం కేంద్రం 2010లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం ఒకటి ఉంది. మంచం దిగలేని వృద్ధుల ఇంటికి ఆరోగ్య సిబ్బంది వెళ్లి చూడాలని, ఇంట్లో చూసుకునేవాళ్లకి ఎలా చూసుకోవాలో నేర్పాలని అందులో రాసే ఉంది. ఇప్పుడు సబ్‌సెంటర్లని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లు అంటున్నారు. అక్కడ సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అని ఒకరు ఉంటారు. వృద్ధుల సంరక్షణ, నయం కాని జబ్బులవాళ్లకి ఉపశమనం చూడడం వాళ్ల పనుల్లో భాగమే. అడిగేవాళ్లు లేక ఆ పని రిజిస్టరులోనే ఉండిపోతోంది. నువ్వు రాసిన ఉత్తరంలో రూపాయల లెక్కలు ఇన్ని ఉంటే "నర్సు" అన్న మాట ఒక్కసారీ లేదు. అది నీ తప్పు కాదు. అలాంటిది ఒకటి ఉంటుందని మనకి ఎవరూ చెప్పలేదు.

ఇక 15,000 సంగతి.

మీ వదిన చెప్పింది అబద్ధం కాదు. ఆంధ్రాలో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకి 4,000, వికలాంగులకి 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 ఇస్తున్నారు. ఒకే వంశధార. ఇటు గట్టున పడుకున్న మనిషికి ఒక లెక్క, అటు గట్టున పడుకున్న మనిషికి ఇంకో లెక్క. ఒడిశా వేరుపడినప్పుడు 1936 ఏప్రిల్ 1న గీసిన గీత ఈ రోజుకీ మన ఇళ్లలో మంచాల మధ్య నుంచి పోతోంది. దీని మీద నాకు కోపం ఉంది, నీకూ ఉండాలి.

అయినా అడ్రస్ మాత్రం మార్చొద్దు.

తప్పు కాబట్టి వద్దు అని ఒక్క మాటతో వదిలేస్తే నీ ఇబ్బంది నాకు అర్థం కానట్టే. కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. ఆంధ్రాలో ఆ డబ్బు నెల మొదట్లో సచివాలయం మనిషి ఇంటికొచ్చి, మనిషిని చూసి ఇస్తారు. అంటే ప్రతి నెలా మావయ్య కొత్తూరులో మంచం మీద కనబడాలి. నడుం కింద పుండు మొదలైన మనిషిని నెలకోసారి ఆటోలో ఆ రోడ్ల మీద అటూ ఇటూ తిప్పుతావా? 2025లో వికలాంగుల సర్టిఫికెట్లని అక్కడ మళ్లీ తిరగతోడి తనిఖీ చేశారు. పక్క రాష్ట్రంలో ఉంటూ తీసుకున్నారని తేలితే ఇచ్చింది వెనక్కి కట్టమంటారు, కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు ఇరుక్కుంటారు. ఆధార్ అడ్రస్ ఆంధ్రాకి మారితే ఇక్కడి భత్తా, రేషన్ కార్డులో పేరు, ఒడిశా ఆరోగ్య కార్డు పోయే ప్రమాదం ఉంది. అటూ కాక ఇటూ కాక మధ్యలో మిగిలేది మావయ్యే.

మీ వదిన నిజంగా తండ్రిని తనింటికి తీసుకెళ్లి ఉంచుకుంటానంటే అది వేరు. కూతురింట్లో తండ్రి ఉండడం దొంగతనం కాదు, అప్పుడు అడ్రస్ మార్చడమే న్యాయం, ఆ పెన్షన్‌కి దరఖాస్తు పెట్టుకోవడమూ న్యాయమే. ఆ మాట ఆమెనే అడుగు. నెమ్మదిగా, దెప్పినట్టు కాకుండా అడుగు. "మార్చేద్దాం వదినా, మరి నాన్న ఎప్పట్నుంచి మీ ఇంట్లో ఉంటారు?" ఆవిడ జవాబుతో సగం విషయం తేలిపోతుంది.

ఇప్పుడు మనవైపు ఏముందో చూద్దాం. నీకు వస్తున్న 1,000 మావయ్య వయసు చూసి ఇస్తున్నది. ఆయన ఒంటి పరిస్థితిని ఇంకా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒడిశాలో 2025 మొదట్లో ఒక మార్పు వచ్చింది. 80 ఏళ్లు దాటినవాళ్లకి, లేదా 80 శాతం అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లకి భత్తా నెలకి 3,500 చేశారు. మావయ్యకి 80 ఏళ్లు రావడానికి ఇంకా ఆరేళ్లుంది. కానీ 80 శాతం? నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే దానికి దారి ఉంది. ఆయనకి వికలాంగుల సర్టిఫికెట్ చేయించలేదని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. "ముసలాయన, ఆయనకి వికలాంగుల కార్డేమిటి" అనుకుంటారు మనవాళ్లు. పక్షవాతంతో చెయ్యి కాలు పడిపోతే అది వైకల్యమే, వయసుతో సంబంధం లేదు.

దానికి యూడీఐడీ, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు చేయించాలి. మీ పంచాయతీ దగ్గరి సేవా కేంద్రంలో ఆన్‌లైన్ దరఖాస్తు పెడతారు. ఆధార్, ఫోటో, పక్షవాతం వచ్చినప్పటి డిశ్చార్జి కాగితం, తల స్కానింగు రిపోర్టు దగ్గర పెట్టుకో. తర్వాత పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో డాక్టర్లు చూస్తారు. అంత దూరం కదపలేమంటే బ్లాకులో జరిగే భీమభోయి శిబిరం ఎప్పుడో బ్లాకు ఆఫీసులో కనుక్కో. సర్టిఫికెట్లు, చక్రాల కుర్చీలు ఒకేచోట ఇచ్చే శిబిరాలవి. ఒడియాలో వికలాంగుల్ని "భిన్నక్షమ" అంటారు, కౌంటర్ దగ్గర ఆ మాటే వాడు, తొందరగా అర్థమవుతుంది. వచ్చే కార్డు రంగు చూడు. 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. నీకు కావలసింది నీలం కార్డు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి, నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకూడదని.

మా అమ్మని మూడేళ్లు మంచం మీద చూసుకున్నాను. సర్టిఫికెట్ కోసం తీసుకెళ్లే రోజు పొద్దున్నే లేచి తలస్నానం చేయించాను. ఉతికిన నేత చీర కట్టాను. జడ వేసి, బొట్టు పెట్టి, పౌడరు రాశాను. నలుగురిలో అమ్మ మురికిగా కనబడకూడదని నా ఆరాటం. డాక్టరు "తనంతట తానే తింటుందా?" అని అడిగారు. "ఆ, తింటుందండి" అన్నాను. ముద్ద కలిపి ఎడమచేతిలో పెడితే పదిలో నాలుగు మెతుకులు నోట్లోకి పోతాయి, మిగతావి చీర మీద. అది చెప్పలేదు. "ఒంటికి చెబుతుందా?" అన్నారు. "చెబుతుందండి" అన్నాను. చెప్పేది, అయిపోయాక. కాగితం మీద 55 శాతం వేశారు. డాక్టరు తప్పేమీ లేదు. నేను చూపించిన మనిషికే ఆయన లెక్క వేశారు. మళ్లీ చూపించే లోపే అమ్మ పోయింది. ఆ చీర ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

అందుకని నువ్వు మావయ్యని శుభ్రంగానే తీసుకెళ్లు, కానీ నిజం దాచొద్దు. చెయ్యి, కాలు మాత్రమే చూపించి వచ్చేస్తే 80 దాటకపోవచ్చు. మాట పోవడం వేరుగా లెక్క, మూత్రం మీద పట్టు లేకపోవడం వేరుగా లెక్క, వాటన్నిటినీ కలిపి మొత్తం శాతం వేస్తారు. నువ్వు నోరు తెరిచి చెప్పకపోతే వాళ్లకి తెలిసే దారి లేదు, ఎందుకంటే మావయ్య మాట నీకొక్కదానికే అర్థమవుతుందని నువ్వే రాశావు. ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద ఆయన రోజు మొత్తం రాసుకో. పొద్దున్న ఎన్నింటికి లేపుతావు, ఎన్నిసార్లు బట్ట మారుస్తావు, అన్నం మింగేటప్పుడు పొరపోతుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు. సిగ్గుపడే సంగతులే అక్కడ పనికొచ్చే సంగతులు.

నీలం కార్డు చేతికొచ్చాక దాని నకలు జతచేసి బ్లాకు ఆఫీసులో భత్తా మార్చమని దరఖాస్తు ఇవ్వు. మధుబాబు పెన్షనా (అంటే రాష్ట్రం ఇచ్చేది), కేంద్రం పేరున వచ్చే పెన్షనా అని అడుగుతారు, పాస్‌బుక్ తీసుకెళ్లు. ఒక మనిషికి ఒకే పెన్షన్ ఇస్తారు కాబట్టి పాతది పోయి కొత్తది వస్తుంది, రెండూ కలిపి కాదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తీసుకో. రసీదు ఇవ్వకపోతే నీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ముద్ర వేయించు. నెలన్నర దాటినా కదలకపోతే సమాచార హక్కు కింద "నా దరఖాస్తు ఏ టేబుల్ మీద ఉంది" అని ఒక కాగితం పెట్టు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

చక్రాల కుర్చీ కొనొద్దు. అవసరమైన సామాను ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకాలు రెండున్నాయి. వికలాంగులకి ఇచ్చేది ఒకటి, పేద వృద్ధులకి ఇచ్చే వయోశ్రీ ఒకటి. వయోశ్రీ 2017లో మన నెల్లూరు శిబిరంతోనే మొదలైంది. శిబిరం తేదీ బీఎస్‌ఎస్‌వోని అడుగు, అంటే బ్లాకులో సామాజిక భద్రత చూసే అధికారి.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న. చూసుకునే మనిషికి ఏమీ ఇవ్వరా?

చట్టంలో ఉందమ్మా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులు అంటే ఎవరో రాశారు. తల్లిదండ్రులైనా, ఇంట్లో ఇంకెవరైనా, జీతం తీసుకుని చేసినా తీసుకోకుండా చేసినా, వికలాంగుల్ని చూసుకునే ప్రతి మనిషీ సంరక్షకులే. అంటే నువ్వే. మన ఇళ్లలో దీనికి "కోడలి బాధ్యత" అని ఒక్కటే పేరు ఉంటే, పార్లమెంటు దానికి ఇంకో పేరు పెట్టింది. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకి సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని కూడా రాశారు. కాకపోతే ముందే ఒక మాట చేర్చారు: ప్రభుత్వం తన ఆర్థిక స్తోమతకి లోబడి. ఆ ఒక్క మాట వెనకే చాలా రాష్ట్రాలు నిలబడి ఉన్నాయి. మన జిల్లాలో ఇంట్లో చూసుకునే మనిషి పేరున నెలనెలా డబ్బు జమ కావడం నేనింతవరకూ చూడలేదు. కేరళలో 2010 నుంచి ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది. మంచానపడ్డవాళ్లని చూసుకుంటున్న మనిషికి నెలకి 600 ఇస్తారు. 600 ఏమూలకి అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ అంకె కంటే ఆ ఖాతా పుస్తకం మీద ఉన్న పేరు ముఖ్యం. పడుకున్న మనిషి పేరు కాదు, లేపి కూర్చోబెట్టిన మనిషి పేరు.

ఆసుపత్రికైతే డబ్బుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్, గోపబంధు కార్డులు కలిసి నడుస్తున్నాయి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. మావయ్యకి 70 దాటింది కాబట్టి వయవందన కార్డు కూడా వస్తుంది, చేయించి పెట్టుకో. కానీ ఇవన్నీ ఆసుపత్రిలో చేరితేనే. పుండు ముదిరి, చీము పట్టి, ఆపరేషన్ బల్ల మీదకి ఎక్కిస్తే వేలకి వేలు ప్రభుత్వం కడుతుంది. ఆ పుండు రాకుండా రెండు గంటలకోసారి రాత్రంతా లేచి తిప్పిన మనిషికి ఒక్క రూపాయి లెక్కలో లేదు. నాకు ఈ విషయంలో ఎంత ఆలోచించినా సమాధానం దొరకదు.

అయినా నువ్వు అడగాలి, రాసి అడగాలి. అదే చట్టం 38వ సెక్షన్ ప్రకారం, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగుల తరఫున ఇంకెవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉండాలి, అంతే. ఆ దరఖాస్తుని బోర్డు ముందు పెట్టి పరిశీలించాలి. నీలం కార్డు వచ్చిన రోజే పర్లాకిమిడిలో డీఎస్‌ఎస్‌వో (జిల్లా సామాజిక భద్రత అధికారి) ఆఫీసుకి, ఒక కాపీ కలెక్టరుకి ఇలా రాయి:

"మా మావగారు మంచానికే పరిమితమై ఉన్నారు. 2016 చట్టం 38వ సెక్షన్ ప్రకారం ఆయనకి ఎక్కువ సాయం అవసరమని పరిశీలించి ధ్రువీకరించాలని, 24వ సెక్షన్‌లో చెప్పిన సంరక్షకుల భత్యం మంజూరు చేయాలని కోరుతున్నాను. ఆయన్ని రెండేళ్లుగా చూసుకుంటున్నది నేను."

చివరి వాక్యం కొట్టెయ్యొద్దు.

రేపే డబ్బు వస్తుందని చెప్పను. జవాబు రాకపోతే భువనేశ్వర్‌లో వికలాంగుల కమిషనర్‌కి అదే కాపీ పంపు. అడిగినవాళ్లు ఇంతమంది అని ఫైలులో కనబడేదాకా అది ఎవరి బడ్జెట్‌లోకీ రాదు. మీ ఊళ్లో మంచాన పడ్డవాళ్లు ఇంకెవరున్నారో, మానసిక ఎదుగుదల లేని పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతున్న తల్లులెవరున్నారో నీకు తెలిసే ఉంటుంది. మీ మహిళా సంఘం మీటింగులో ఈ కాగితం చదివి వినిపించు. ఒకటే ఊరి నుంచి ఐదు దరఖాస్తులు ఒకే రోజు వెళ్తే టేబుల్ మీద కాస్త బరువుంటుంది.

ఒడియాలో రాయడం రాదని వెనకాడతావేమో. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మన గోడు రాసి ఇవ్వొచ్చు. గజపతి జిల్లాలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు, వాడుక తెలుగు కోసం గిడుగు రామమూర్తిగారు పోరాటం మొదలుపెట్టిన ఊరే మన పర్లాకిమిడి. అయితే పని త్వరగా జరగాలంటే బడికెళ్లే పిల్లల చేత ఒడియాలో రాయించి, కింద తెలుగులో నువ్వు సంతకం పెట్టు. హక్కు వేరు, పని జరగడం వేరు.

నీ పేరున వచ్చేది ఒకటుంది, దాన్ని వదులుకోవద్దు. సుభద్ర యోజన. 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లకి ఏడాదికి 10,000, రెండు విడతల్లో. నెలకి 1,500, అంతకంటే ఎక్కువ వేరే పథకం డబ్బు తీసుకుంటే ఇది రాదని నియమం. మావయ్యకి 3,500 వస్తే నీది ఆగిపోతుందని ఎవరో ఒకరు భయపెడతారు. ఆయన డబ్బు ఆయన పేరున, నీది నీ పేరున. దానికీ దీనికీ ముడి లేదు.

ఇంక మీ ఆయన, మరిది, వదిన. దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇంటి సంగతి ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. తండ్రి పోషణ బాధ్యత కొడుకులది, కూతుళ్లది అని రాశారు. ఆ వరసలో కోడలి పేరు లేదు. చట్టం పేరు రాయని మనిషి మీద ఇల్లు మొత్తం బరువు వేసింది. సబ్‌కలెక్టరు దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, నెలకి 10,000 దాకా ఇప్పించగలదు. అక్కడిదాకా వెళ్లమని నేను చెప్పడం లేదు. ముందు ఒక నోటుబుక్కు పెట్టు. డైపర్లు ఎంత, మందులెంత, బ్లీచింగు, సబ్బు, డెట్టాలు ఎంత. ఆ పక్క గడిలో నువ్వు మానేసిన కుట్టు పని, నెలకి ఎన్ని జాకెట్లు కుట్టేదానివో ఆ లెక్కా రాయి. ఒక నెల రాశాక ఫోటో తీసి ముగ్గురికీ వాట్సాప్‌లో పెట్టు. కింద ఒక్క మాటా రాయొద్దు. డబ్బు పంపలేనివాళ్లు రోజులు పంపాలి. సంక్రాంతికి పది రోజులు మరిది వచ్చి మంచం పక్కన పడుకుంటే నువ్వు మీ అమ్మగారింటికి వెళ్లి రావచ్చు. నువ్వు రాయలేదు గానీ రెండేళ్లలో ఒక్కసారైనా వెళ్లావా?

14567 నంబరు రాసిపెట్టుకో, వృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్. భత్తా ఆగినా, శిబిరం వివరాలు కావాలన్నా అడగొచ్చు. రాత్రిళ్లు నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తూ ఉంటే 14416కి చెయ్యి. అది మనసుకి సంబంధించినది, తెలుగులో కూడా మాట్లాడతారు. మావయ్య గురించి కాదు, నీ గురించి మాట్లాడ్డానికి.

చివరికి కళ్లజోడు.

మావయ్య మందు చీటీ మీద సన్నటి అక్షరాలు చదివేది ఎవరు? గోలీ సగం విరిచి ఇచ్చేది, నడుం కింద ఎరుపుని ముందుగా కనిపెట్టింది ఎవరి కళ్లు? ఆ 150 మావయ్యకే ఖర్చయింది. ఆయన మాట నీకొక్కదానికే అర్థమవుతుంది కదా, ఒకసారి ఆయన దగ్గర కూర్చుని ఆ జోడు చూపించి చెప్పు. ఏమంటారో నాకు రాయి. నీలం కార్డు వచ్చి 3,500 పడిన నెల, అందులోంచి రోజు మనిషికి 400 ఇచ్చి ఒక పగలు పెట్టుకుని, మిషను మీది దుమ్ము దులిపి దారం ఎక్కించు.